బల్బు వెలుగులో గంజాయి మొక్క: ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయాలు

"సిస్టర్, మా అబ్బాయి గదిలో ఒక కుండీ పెట్టాడు. దాని మీద పగలూ రాత్రీ బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఏం మొక్క అంటే క్రోటన్ అంటాడు." "సిస్టర్, కెనడాలో ఉన్న మా అల్లుడు అక్కడ ఇంట్లో గంజాయి పెంచుకోవడం తప్పు కాదంటున్నాడు, నిజమేనా?" "క్యాన్సర్‌కి గంజాయి నూనె మంచిదట కదా?" ఇటువంటి ప్రశ్నలు ఓ.పి. దగ్గర, వార్డుల్లో రోగుల బంధువులు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. కొందరు అడగడానికి సిగ్గుపడి, అందరూ వెళ్ళాక మెల్లగా అడుగుతారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తెలియనిది అడిగి తెలుసుకోవడమే మంచిది. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

ఒకప్పుడు గంజాయి అంటే ఎక్కడో ఏజెన్సీ కొండల్లో పండే పంట అనుకునేవాళ్ళం. విశాఖ మన్యంలో 2021-22లో పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికి తగలబెట్టిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఇప్పుడు పట్టణాల్లో అపార్ట్‌మెంట్ గదిలో, బట్టల అలమరలో, మామూలు ఎల్.ఇ.డి. బల్బుల కింద ఒకటి రెండు చిన్న మొక్కలు పెంచవచ్చు అనే మాట యువకుల మధ్య తిరుగుతోంది. "చిన్న మొక్కే కదా, సరదాకే కదా, ఎవరికీ అమ్మడం లేదు కదా" అని వారు అనుకుంటారు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ చట్టం ముందు గానీ, శరీరం ముందు గానీ నిలబడదు. ఎందుకో చూద్దాం.

ఈ మొక్క ఏమిటి?

గంజాయి మొక్కలో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. ఆడ మొక్క పూత మీద సన్నని జిగురు నూగు ఉంటుంది. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం ఎక్కువగా ఆ జిగురులోనే ఉంటుంది. ఎండబెట్టిన పూతను గంజాయి అంటారు. జిగురును వేరు చేస్తే చరస్. ఆకులతో చేసేది భంగు. టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలం, ఆయన సహచరుడు వేరు చేసి చూపించారు. అంతకు ముందు వేల ఏళ్ళుగా మనుషులు ఈ మొక్కను వాడుతున్నా, మత్తు దేనివల్ల వస్తున్నదో ఖచ్చితంగా తెలియదు.

ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పూర్వం సాధువులు తాగిన గంజాయికీ, ఇప్పుడు దొరుకుతున్న దానికీ చాలా తేడా ఉంది. అమెరికాలో అధికారులు పట్టుకున్న గంజాయిని పరీక్షిస్తే, 1995లో టీహెచ్‌సీ సుమారు 4 శాతం ఉండగా, 2021 నాటికి 15 శాతం దాటింది. ఏళ్ళ తరబడి గాఢమైన రకాలనే ఎంచి పెంచడం వల్ల ఇలా జరిగింది. ఇంట్లో పెంచేవారి చేతికి వచ్చే విత్తనాలు చాలావరకు ఇలాంటి రకాలవే. మొక్క ఎంత ఎత్తు ఉన్నది అన్నదానిని బట్టి మత్తు ఉండదు, దాని రకాన్ని బట్టి ఉంటుంది. జానెడు మొక్క పూత కూడా మనిషిని ఆసుపత్రి పాలు చేయగలదు.

బల్బుకీ మొక్కకీ సంబంధం ఏమిటి?

మొక్క ఆహారం తయారు చేసుకోవడానికి ముఖ్యంగా ఎరుపు, నీలం కాంతి కావాలి. పాతకాలపు 60 వాట్ల గాజు బల్బు కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. దగ్గర పెడితే ఆకు మాడేది, దూరం పెడితే వెలుగు చాలేది కాదు. ఎల్.ఇ.డి. బల్బు అలా కాదు. నీలం కాంతి ఇచ్చే చిన్న చిప్పు మీద పసుపు పూత వేసి తెల్లని వెలుగు తెప్పిస్తారు. 9 వాట్లతోనే అంత వెలుగు వస్తుంది, వేడి తక్కువ. మన దేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైన తరువాత ఈ బల్బుల ధర బాగా తగ్గి, ప్రతి ఇంటికీ చేరాయి. మంచి మాటే. కానీ అదే చౌక బల్బు ఈ చెడు ఆలోచనకు కూడా దారి చూపింది.

అయితే మామూలు బల్బు వెలుగు సూర్యకాంతికి సాటి రాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు లక్ష లక్సుల వెలుగు ఉంటే, మనం చదువుకునే బల్ల మీద ఉండేది 500 లక్సులు. అందుకని పెంచేవారు ఒక బల్బుతో ఆగరు. పది పెడతారు, ఇరవై పెడతారు. ఒకే ప్లగ్గుకి హోల్డర్ల వరుస, పక్కనే నీళ్ళ కుండీ, తలుపు వేసిన అలమర, అందులో ఫ్యాను, తేమ, చుట్టూ అట్టలు, బట్టలు. షార్ట్ సర్క్యూట్‌కి ఇంతకంటే ఏం కావాలి? కాలిన గాయాలతో వచ్చేవారికి డ్రెస్సింగు చేసే మాకు ఆ మాట వింటేనే భయం వేస్తుంది.

రెండవ ప్రమాదం బూజు. మూసిన గదిలో తేమ ఎక్కువైతే మొక్కకీ, గోడకీ బూజు పడుతుంది. గంజాయి పూత మీద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే. నిప్పు అంటించి పీల్చినంత మాత్రాన ఆ బూజు అంతా చావదు, పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. ఆరోగ్యవంతులు తట్టుకోవచ్చు. కానీ కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు, పాత టి.బి. వల్ల ఊపిరితిత్తుల్లో గుంటలు మిగిలినవారు తట్టుకోలేరు. "నొప్పికి కాస్త ఉపశమనం" అని ఇటువంటి రోగికి ఇంట్లో పెంచిన గంజాయి ఇవ్వడం ప్రాణం మీదికి తేవడమే.

ఏ దేశంలో ఏం అనుమతి ఉంది?

విదేశాల్లో ఉన్న మన పిల్లలు చెప్పేది కొంత నిజమే. కానీ సగం నిజం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. కనుక పూర్తిగా చూద్దాం.

కెనడా: 2018 అక్టోబరు 17 నుండి పెద్దలు గంజాయి కొనుక్కోవడం, వాడడం చట్టబద్ధం. ఒక ఇంటికి 4 మొక్కల వరకు పెంచుకోవచ్చు. మనిషికి 4 కాదు, ఇంటికి 4. ఇంట్లో అయిదుగురు విద్యార్థులు కలిసి ఉన్నా లెక్క నాలుగే. విత్తనం చట్టబద్ధంగా కొన్నదై ఉండాలి. క్యూబెక్ రాష్ట్రం ఇంట్లో పెంపకాన్ని నిషేధించింది, ఆ నిషేధం చెల్లుతుందని ఆ దేశపు సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. మానిటోబాలో ఉన్న నిషేధాన్ని 2025 మే 1న ఎత్తివేశారు. అద్దె ఇంటి యజమాని తన ఒప్పందంలో వద్దని రాస్తే అద్దెకున్నవారు పెంచకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కెనడా నుండి బయటికి గానీ, బయటి నుండి కెనడాలోకి గానీ గంజాయి తీసుకుపోవడం నేరం. పండుగకు ఇంటికి వచ్చే పిల్లవాడి పెట్టెలో ఒక్క గంజాయి చాక్లెట్ ఉన్నా, మన విమానాశ్రయంలో అది మాదకద్రవ్యాల కేసే.

జర్మనీ: 2024 ఏప్రిల్ 1 నుండి పెద్దవారు ఒక్కొక్కరు ఇంట్లో 3 మొక్కల వరకు పెంచుకోవచ్చు. పిల్లలకు అందకుండా ఉంచాలనే షరతు ఉంది.

అమెరికా: ఇక్కడే ఎక్కువమంది మన పిల్లలు పొరబడుతున్నారు. కొలరాడో రాష్ట్ర ఓటర్లు 2012లో, కాలిఫోర్నియా ఓటర్లు 2016లో గంజాయిని అనుమతించారు, ఇంట్లో కొన్ని మొక్కలకు కూడా ఒప్పుకున్నారు. కానీ మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2021లో వాడకాన్ని చట్టబద్ధం చేసినప్పుడు ఇంట్లో పెంపకానికి అనుమతి ఇవ్వలేదు. టెక్సాస్‌లో సరదా వాడకానికే అనుమతి లేదు. రాష్ట్రం ఏం చెప్పినా, దేశమంతటికీ వర్తించే సమాఖ్య చట్టం ప్రకారం ఇంట్లో గంజాయి పెంచడం నేరం. వీసాలు, గ్రీన్ కార్డులు, పౌరసత్వం అన్నీ ఆ సమాఖ్య చట్టం చేతిలోనే ఉన్నాయి.

2019 ఏప్రిల్ 19న అమెరికా వలస శాఖ ఒక స్పష్టమైన సూచన ఇచ్చింది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పనులు చేసినవారికి పౌరసత్వం నిరాకరించవచ్చు అని అందులో ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా మాదకద్రవ్యాల నేరం వల్ల దేశం నుండి పంపివేసే ప్రమాదం ఉంది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఒక్కసారి దగ్గర ఉంచుకున్న నేరానికి మాత్రం అక్కడి చట్టంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పెంపకానికి లేదు. అప్పు చేసి, పొలం అమ్మి పంపిన చదువు కిటికీ దగ్గర పెట్టిన ఒక కుండీ వల్ల ఆగిపోతే ఎంత బాధ! మీ పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కోపంగా కాదు, నిదానంగా చెప్పండి.

మన దేశంలో చట్టం

మన దేశంలో 1985 నవంబరు 14 నుండి మాదకద్రవ్యాల చట్టం అమలులో ఉంది. దానినే ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. అందులో అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. ఎన్ని మొక్కలు అనే లెక్క లేదు. ఒక్క మొక్క అయినా నేరమే. 20వ సెక్షను ప్రకారం పెంపకానికి 10 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు.

"కిలో లోపు అయితే చిన్న కేసే కదా" అని కొందరు అంటారు. ఎండు గంజాయి దగ్గర ఉంచుకున్న కేసుల్లో 1 కిలో లోపు ఉంటే తక్కువ పరిమాణం అంటారు, దానికి ఒక సంవత్సరం వరకు శిక్ష. కానీ మొక్క పెంచడం వేరే నేరం. అక్కడ బరువుతో పని లేదు. వాడినందుకు వేరే సెక్షను, 27వది. దాని కింద 6 నెలల వరకు జైలు లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. అంటే అబ్బాయి బయట కొని తాగిన దానికంటే, ఇంట్లో పెంచిన దానికి శిక్ష ఎన్నో రెట్లు ఎక్కువ. "కొనడం లేదు, పెంచుకుంటున్నాను, అందుకని క్షేమం" అనుకోవడం తలకిందుల లెక్క.

ఇంటి యజమానులకు కూడా ఒక మాట. 25వ సెక్షను ప్రకారం, తన ఇంట్లో ఈ నేరం జరుగుతున్నదని తెలిసి ఊరుకున్న యజమానికి కూడా అదే శిక్ష పడవచ్చు. హాస్టలు నడిపేవారు, గదులు అద్దెకిచ్చేవారు గుర్తుంచుకోవాలి. కుటుంబ సభ్యులకు కూడా ఇది వర్తించవచ్చు.

అయితే ఇదే చట్టంలో ఒక దయగల సెక్షను కూడా ఉంది, చాలామందికి తెలియదు. 64-ఎ సెక్షను ప్రకారం, వ్యసనానికి లోనైన వ్యక్తి మీద వాడకం లేదా తక్కువ పరిమాణం కేసు మాత్రమే ఉండి, తానే ముందుకు వచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో గానీ చికిత్స పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ నుండి మినహాయింపు పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. కనుక వైద్యానికి వస్తే పోలీసులకు పట్టిస్తారేమో అని దాచుకోవద్దు. చట్టం కూడా వైద్యం వైపే దారి చూపుతోంది.

శరీరంలో ఏం జరుగుతుంది?

పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లో టీహెచ్‌సీ మెదడుకు చేరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది, ఆకలి వేస్తుంది, కాలం మెల్లగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. కొందరికి సంతోషం, కొందరికి విపరీతమైన భయం. తిన్న గంజాయి వేరు. దాని ప్రభావం మొదలవడానికి అరగంట నుండి రెండు గంటలు పడుతుంది. ఇంకా ఎక్కలేదు అనుకుని మరో ముక్క తింటారు. తరువాత రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ వరకు సాగుతుంది. అందుకే ఇంటర్, డిగ్రీ వయసులో మొదలుపెట్టిన వారికి నష్టం ఎక్కువ. జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గుతాయి. తెలివైన పిల్లవాడు ఒక్కసారిగా సబ్జెక్టులు తప్పడం మొదలుపెడతాడు. వాడేవారిలో సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిస అవుతారు. చిన్న వయసులోనే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు.

మతిస్థిమితం తప్పడం అన్నిటికంటే బాధాకరం. ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని, గొంతులు వినిపిస్తున్నాయని అంటారు. 2019లో ప్రచురితమైన యూరప్ నగరాల పరిశోధనలో, ఎక్కువ గాఢత గల గంజాయిని రోజూ వాడేవారికి ఇటువంటి జబ్బు వచ్చే అవకాశం, ఎన్నడూ వాడని వారికంటే దాదాపు 5 రెట్లు ఉన్నట్టు తేలింది. ఇంట్లో మొక్క ఉంటే వాడకం రోజువారీ కావడం ఎంత సులభమో ఆలోచించండి. కొనాలంటే డబ్బు కావాలి, మనిషి కావాలి, భయం ఉంటుంది. అలమరలో ఉంటే ఏ అడ్డూ లేదు.

ఆసుపత్రిలో మేము గమనించేవి

ఒక రకమైన వాంతుల జబ్బు ఉంది. దీర్ఘకాలం గంజాయి వాడినవారికి వస్తుంది. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీనిని గుర్తించి రాశారు. ఆగకుండా వాంతులు, కడుపునొప్పి, వారాలకోసారి తిరిగి వస్తుంటాయి. ఎండోస్కోపీలో ఏమీ కనిపించదు. వేడినీళ్ళ స్నానం చేస్తే మాత్రం తగ్గినట్టు ఉంటుంది, అందుకని రోజుకు నాలుగైదు సార్లు స్నానం చేస్తారు. ఈ ఒక్క గుర్తు చెబితే డాక్టరు గారికి ఎంతో ఉపకారం. నీళ్ళు తగ్గి కిడ్నీలు దెబ్బతినవచ్చు. దీనికి అసలు మందు ఒక్కటే, పూర్తిగా మానడం.

ఆపరేషనుకు వచ్చేవారు గంజాయి అలవాటు ఉంటే మత్తు డాక్టరు గారికి తప్పకుండా చెప్పాలి. అలవాటు ఉన్నవారికి మత్తుమందు మోతాదు ఎక్కువ పట్టవచ్చు, గుండె వేగం మారవచ్చు, ఆపరేషను తరువాత నొప్పి కూడా ఎక్కువగా ఉండవచ్చు. మేము అడిగేది మీ క్షేమం కోసమే, తీర్పు తీర్చడానికి కాదు. బంధువుల ముందు చెప్పలేకపోతే నర్సుతో ఒంటరిగా మాట్లాడాలి అని అడగండి.

గర్భిణీలు, పాలిచ్చే తల్లులు: బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. టీహెచ్‌సీ కొవ్వులో నిలిచిపోయి తల్లిపాలలోకి రోజుల తరబడి వస్తుంది. వేవిళ్ళకు మంచిదని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

చిన్నపిల్లలు: ఇంట్లో మొక్క, దానితో చేసిన బిస్కెట్టు ఉంటే ముందు ప్రమాదం పసివాళ్ళకే. కెనడాలో గంజాయి మిఠాయిల అమ్మకం మొదలైన తరువాత చిన్నపిల్లలు పొరపాటున తిని ఆసుపత్రిలో చేరడం పెరిగింది. అక్కడ ఒక ప్యాకెట్టులో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకూడదు అనే నియమం ఉండగానే ఇలా జరిగింది. ఇంట్లో చేసిన దానికి లెక్కే లేదు. బిడ్డ విపరీతంగా మగతగా ఉన్నా, తూలుతున్నా, ఊపిరి మెల్లగా ఉన్నా వెంటనే తీసుకురండి. ఏం తిన్నాడో నిజం చెప్పండి. ఆ నిజం దాచినందువల్ల అనవసరంగా స్కానింగులు, నడుము సూదులు చేయవలసి వస్తుంది, విలువైన సమయం పోతుంది.

"మందే కదా" అనే వాదన

గంజాయి మొక్క నుండి మందులు తయారైన మాట నిజమే. పిల్లల్లో వచ్చే రెండు అరుదైన, మొండి మూర్ఛ వ్యాధులకు సీబీడీ అనే మత్తు లేని పదార్థంతో చేసిన మందుకు అమెరికాలో 2018 జూన్‌లో అనుమతి ఇచ్చారు. కీమోథెరపీ వాంతులకు టీహెచ్‌సీ గోళీలు 1985 నుండి అక్కడ ఉన్నాయి. కానీ అవి ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మందులు. ఇంట్లో కుండీలో పెరిగిన పూతలో ఎంత టీహెచ్‌సీ ఉందో పెంచినవాడికే తెలియదు. ఇంట్లో గన్నేరు చెట్టు ఉందని గుండె మందు తయారు చేసుకుంటామా?

క్యాన్సరును గంజాయి నూనె నయం చేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. ఆ నమ్మకంతో వైద్యం ఆపినవారే నష్టపోతారు. పైగా సీబీడీ వల్ల రక్తం పలచబడే వార్‌ఫరిన్ మందు ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. గుండె వాల్వు మార్చుకున్నవారు ముఖ్యంగా జాగ్రత్త. నొప్పి తట్టుకోలేకపోతే డాక్టరు గారిని అడగండి. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్రల వంటి మంచి మందులు చట్టబద్ధంగా ఉన్నాయి.

తల్లిదండ్రులు ఎలా గుర్తించాలి?

1. గది తలుపు, అలమర ఎప్పుడూ తాళం. లోపల నుండి రాత్రంతా వెలుగు, ఫ్యాను శబ్దం.
2. ఒక గదిలో ఘాటైన వాసన, దానిని కప్పడానికి అగరుబత్తులు, స్ప్రేలు.
3. కరెంటు బిల్లు కారణం లేకుండా పెరగడం, కొత్త హోల్డర్లు, వైర్లు, టైమరు స్విచ్చి.
4. కళ్ళు ఎర్రగా ఉండడం, కంటి చుక్కల సీసాలు, రాత్రివేళ విపరీతమైన ఆకలి.
5. పాత స్నేహితులకు, ఇంటివారికి దూరం కావడం, చదువు మీద ఆసక్తి పోవడం.

వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన అనుమానించి కొట్టవద్దు. నిద్ర చాలని పిల్లల కళ్ళు కూడా ఎర్రగానే ఉంటాయి. రెండు మూడు కలిసి కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడండి. మాట్లాడేటప్పుడు అరవకుండా, "నీకు ఏం కష్టంగా ఉంది నాన్నా?" అని మొదలుపెట్టండి. చాలామంది పిల్లలు నిద్ర పట్టక, దిగులు వల్ల, పరీక్షల భయం వల్ల మొదలుపెడతారు. ఆ మూలం పట్టుకోకుండా కుండీ మాత్రం బద్దలు కొడితే వాడు రేపు ఇంకోచోట పెంచుతాడు.

మొక్క నిజంగానే దొరికితే ఏం చేయాలి? పక్కింటివారికి ఇవ్వవద్దు, దాచవద్దు, తగలబెట్టి పొగ పీల్చవద్దు. నమ్మకమైన లాయరు గారిని సంప్రదించి, వారి సలహా ప్రకారం నడుచుకోండి. అదే వారంలో అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకురండి. 

మానేటప్పుడు ఏమవుతుంది?

రోజూ వాడినవారు మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, చెమటలు, చెడు కలలు మొదలవుతాయి. మొదటి వారం ఎక్కువగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. నిద్ర కుదరడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఈ రెండు వారాలు కుటుంబం ఓర్చుకోవాలి. "మానిన తరువాత ఇంకా కోపిష్టి అయ్యాడు, తాగుతున్నప్పుడే నయం" అనే మాట నోటి నుండి రానివ్వకండి.

గంజాయి మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. కౌన్సెలింగే ముఖ్యమైన చికిత్స. దిగులు, మతిస్థిమితం సమస్య ఉంటే దానికి మందులు ఇస్తారు. మూత్ర పరీక్షలో ఒకసారి వాడిన వారికి సుమారు 3 రోజులు, రోజూ వాడిన వారికి నెల దాటి కూడా పాజిటివ్ రావచ్చు. కనుక మానిన పది రోజులకు పరీక్ష పాజిటివ్ వచ్చిందని అబద్ధమాడుతున్నాడని నిందించవద్దు.

మీరు ఒంటరి కాదు. 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవారు. సహాయం కోసం ఈ ప్రభుత్వ నంబర్లు రాసి పెట్టుకోండి: వ్యసన విముక్తికి 14446, మానసిక సమస్యలకు టెలి-మానస్ 14416, మాదకద్రవ్యాల సమాచారానికి, సలహాకు 1933. విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలలో వైద్యం దొరుకుతుంది.

ఆ బల్బును మంచికి వాడండి

మొక్క పెంచాలనే కోరిక చెడ్డది కాదు. నిజానికి వ్యసనం నుండి బయటపడుతున్నవారికి, మంచం పట్టి లేచినవారికి రోజూ ఒక పచ్చని మొక్కను చూసుకోవడం మంచి పని. ఎండ రాని అపార్ట్‌మెంటులో కూడా మెంతికూర సులభంగా పెంచవచ్చు. వెడల్పాటి ట్రేలో అడుగున చిల్లులు పెట్టి, రెండు అంగుళాల మట్టి వేసి, రాత్రి నానబెట్టిన మెంతులు చల్లండి. కిటికీ దగ్గర పెట్టి, వెలుగు చాలకపోతే జానెడు ఎత్తులో ఒక్క ఎల్.ఇ.డి. బల్బు పగటిపూట వెలిగించండి. రాత్రి ఆర్పివేయండి, మీకూ మొక్కకూ విశ్రాంతి. బల్బు, వైరు నీటికి దూరంగా ఉండాలి. వారం పది రోజుల్లో లేత మెంతి పప్పులోకి సిద్ధం. పుదీనా కొమ్మ కూడా ఇలాగే నాటుకోవచ్చు.

ఆ ట్రేకి నీళ్ళు పోసే పని మీ అబ్బాయికే అప్పగించండి. కోసిన కూర వాడి చేతే అమ్మకు ఇప్పించండి. దాచవలసిన అవసరం లేని మొక్కను పెంచడం మనసుకు ఎంత తేలికగా ఉంటుందో వాడికే తెలుస్తుంది.

ఈ విషయంలో ఇంకా సందేహాలుంటే ఓ.పి. వేళల్లో నర్సింగ్ ఆఫీసుకు రండి. ఎవరి పేరూ ఎవరికీ చెప్పము. మీ ఇంటి సంగతి కాకపోయినా, మీ వీధిలో ఎవరికైనా ఉపయోగపడుతుంది అనుకుంటే ఈ పేజీ వారికి ఇవ్వండి.